గంజి వరుసలో ఓనమాలు

ఈ ఉదయం గంజి వార్చుతుంటే ఆ వాసనకు ధాత కరువు గుర్తొచ్చింది. అన్నయ్యా, సర్కారు గంజి పోసే ఆత్మకూరు గంజిదొడ్డి ముందు మనం పొద్దుటి నుంచీ కూర్చున్న వరుస మీకూ జ్ఞాపకముందా? ఉదయగిరి నుంచి మనతో నడిచొచ్చిన ముసలి పంతులుగారు దుమ్ములో వేలితో అక్షరాలు రాసి దిద్దించేవారు.

"ఏంది పంతులయ్యా, గంజికొచ్చిన పిల్లకాయలకి చదువెందుకు?" అన్నాడు నాయన.

"వరస కదిలేదాకా ఊరికే కూర్చోడమెందుకయ్యా? దిద్దవే అమ్మాయీ!"

ఆ రోజు తమ్ముడి పేరు మొదటిసారి తప్పులేకుండా రాశాను. ఆయన సంతోషంగా లేవబోయి కళ్ళు తిరిగి కూలిపోయారు. ఇతరులు వండింది ముట్టే ఆచారం ఆయనకు లేదు; వరుసలో కూర్చున్నా ఆ గంజి తాగేవారు కాదు. ఎన్నాళ్ళుగా పస్తో మనమెవరమూ అడగలేదు. దేవుడు మన్నించాలి.

సాయంత్రం నాయన అన్నాడు: "కరువు పనిలో నాకొచ్చే కూలి జొన్నల్లో రోజూ గుప్పెడు ఆయనకిద్దాం. ఆయనే వండుకుంటాడు."

"మనకి వండేముందే తీసిపెడతా," అంది అమ్మ. "మిగిలితే ఇద్దామంటే మిగలదు."