కోత పండుగ పాటలో గరగర

జాన్సన్ మామ గొంతు గురించి చెప్పాలంటే ముందు బస్సు గురించి చెప్పాలి. ఆయన ఉద్యోగమంతా ఆర్టీసీలో కండక్టరుగానే గడిచింది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల, మళ్ళీ జమ్మలమడుగు. ఫుట్‌బోర్డు మీద నిలబడి "ముద్దనూరూ" అని ఒక్క కేక వేస్తే, హోటల్లో టీ తాగుతున్నవాడు గ్లాసు దించి, ముద్దనూరులో తనకేమీ పని లేకపోయినా ఒకసారి బస్సు వైపు చూసేవాడు. ఆదివారం వస్తే అదే గొంతు మా చర్చి పాటల క్వయర్‌లో బాసు, అంటే అన్నిటికంటే కింది స్వరం, పాడేది.

నేను ఆయన పక్కన నిలబడి దానికి పై స్వరం, టెనర్ పాడతాను. లెక్కల మాస్టరుగా రిటైరైనవాణ్ణి. ఇన్నేళ్ళు ఆ గొంతు పక్కన నిలబడినందుకు నా కుడిచెవి సగం పనిచేయడం మానేసింది. డాక్టరు వయసు వల్ల అన్నాడు. ఆ డాక్టరు మా క్వయర్ వినలేదు కాబట్టి క్షమించాను.

మామకు ముందు మా బాసు దేవపాలు తాత. ఆయన పళ్ళు ఊడి, సెట్టు పెట్టించుకున్న కొత్తలో పాటలో మాటలకు ఈలలు తోడయ్యాయి. అప్పటికి మామ వయసులో ఉన్నాడు, దూకుడులో ఉన్నాడు. ప్రాక్టీసులో అందరి ముందే "ఇంక నువ్వు కూర్చో పెద్దనాయనా, మేం పాడుకుంటాం" అనేశాడు. దేవపాలు తాత పోయి ముందు బెంచీలో కూర్చున్నాడు. సెట్టు తీసి మళ్ళీ పెట్టుకోలేదు. కానీ ఒక్క ప్రాక్టీసూ మానలేదు. చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని, బోసినోరు మూసుకుని వింటాడు. ఆయన వింటుంటే నాకు పరీక్ష హాల్లో కూర్చున్నట్టే ఉంటుంది.

కోత పండుగ దగ్గరపడింది. ఆ రోజు గుమ్మడికాయలు, కోళ్ళు, మొదటి పంట గింజలు ఎవరికి తోచింది వాళ్ళు చర్చికి తెస్తారు. ఆరాధన తర్వాత వేలం. వేలం కంటే ముందు క్వయర్ పాట. మా క్వయర్ నడిపేది ఎస్తర్ అనే బడి పంతులమ్మ. వయసులో మాకందరికీ కూతురులాంటిది, కోపంలో మాత్రం హెడ్‌మాస్టరు. ఆ యేడు ఆమెకొక ఆలోచన వచ్చింది. ఒక్కొక్కరి ఇంటికి వచ్చి, నోటి దగ్గర ఫోను పెట్టి, ఎవరి వంతు వాళ్ళ చేత పాడించుకుని పోయింది. వాటిని చర్చి ల్యాప్‌టాప్‌లో కలిపి వినిపిస్తే ఎవరి తప్పు వాళ్ళకే తెలుస్తుందని.

తెలిసింది. ఆడవాళ్ళ సొప్రానో బాగుంది. ఆల్టో బాగుంది. నా టెనర్ గురించి నేను చెప్పుకోకూడదు, అదీ బాగుంది. బాసు మొదలవగానే స్పీకర్లోంచి గరగర. ఖాళీ బిస్కెట్ డబ్బాలో రెండు గోళీలు వేసి ఊపినట్టు. స్వరం కిందికి దిగేకొద్దీ గోళీలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"స్పీకర్ పోయినట్టుంది" అన్నాడు కార్యదర్శి జయపాల్.

ఇక వైద్యాలు మొదలయ్యాయి. సౌండు తగ్గించారు. చిన్నగా గరగరలాడింది. బల్ల అదురుతోందేమోనని కింద దిండు పెట్టారు. దిండు మీద హాయిగా పడుకుని గరగరలాడింది. ఎస్తర్ సెట్టింగుల్లోకి పోయి ఏవో టిక్కులు తీసేసింది, డ్రైవర్ మళ్ళీ వేసింది. ఎవరో పెయింటు బ్రష్షు తెచ్చి స్పీకరు రంధ్రాల్లో దుమ్ము దులిపారు. లోపలినుంచి ఒక చీమ బయటికొచ్చింది. అందరం సంతోషించాం. చీమ పోయింది, గరగర ఉండిపోయింది.

"వేరే పాటలు పెడితే బాగానే ఉంది కదా" అంది ఎస్తర్.

దానికి జాన్సన్ మామ ఛాతీ విరుచుకున్నాడు. "వేరే పాటల్లో బాసు యాడుంది? ఏదో గొణుగుతాండారు. నా గొంతు తట్టుకోవాలంటే ఈ అగ్గిపెట్టె స్పీకర్లు చాలవమ్మా."

నిజానికి అది కొట్టిపారేసే మాట కాదు. పాడైన స్పీకరు మామూలు మాటలకు ఊరుకుని, లోతు స్వరం తగిలితేనే అదరడం నేనూ చూశాను. అందుకని అందరం నమ్మాం. అందరికంటే గట్టిగా మామే నమ్మాడు. తన గొంతుకు ల్యాప్‌టాప్ చిరిగిపోయిందని కూరగాయల దగ్గర, మందుల షాపు దగ్గర, చివరికి క్షవరం చేయించుకుంటూ కూడా చెప్పుకున్నాడు.

జయపాల్ మాత్రం వేరే దారి పట్టాడు. కొంతకాలం క్రితం ఆ ల్యాప్‌టాప్ కీబోర్డు పాడైతే ప్రొద్దుటూరులో జాఫర్ దగ్గర మార్పించాం. "ఆ పొద్దే ఒరిజినల్ స్పీకర్లు పీకేసుకుని డూప్లికేటు పెట్టింటాడు" అన్నాడు జయపాల్. అనుమానంగా మొదలైన ఆ మాట బెంచీలు దాటేసరికి నిజమైపోయింది. మా చర్చి పిల్లల ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ జాఫర్ దగ్గరికే పోతాయి. ఈ మాట ఊళ్ళో పడితే అతనికి మా వైపు నుంచి బేరం పోవడం అటుంచి, దొంగ అనే పేరు మిగులుతుంది.

"నేను పోయి తేల్చుకోనొస్తా" అని మామ ల్యాప్‌టాప్ సంచి భుజానికి తగిలించుకున్నాడు. నన్నూ బస్సెక్కించాడు.

జాఫర్ అంగడి ప్రొద్దుటూరు బస్టాండుకు కాస్త దూరంలో, ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీద ఉండేంత గది. అతను మా మాట విని, ల్యాప్‌టాప్‌లో సన్నటి శబ్దమొకటి పెట్టాడు. అది కిందినుంచి పైదాకా ఎక్కి మళ్ళీ దిగింది. ఎక్కడా అదురు లేదు. అడుగుభాగం విప్పి స్పీకర్లు చూపించాడు. కంపెనీ పేరు, నంబరు అట్లే ఉన్నాయి. తర్వాత మా పాట పెట్టి, హెడ్‌ఫోన్ తన చెవులకు తగిలించుకున్నాడు.

"స్పీకర్ బాగుంది మామా. హెడ్‌ఫోన్లో కూడా గరగర వస్తాంది. అంటే పాటలోనే ఉంది."

"అయితే ఎస్తర్ ఫోను బాగలేదు" అన్నాడు మామ.

"అదే ఫోన్లో మిగతావాళ్ళ గొంతులు బాగుండాయి గదా. సరే, ఇప్పుడు రవ్వంత పాడు, నా ఫోన్లో తీస్తా."

మామకు ఇలాంటి ఆహ్వానం వస్తే ఆగడం తెలియదు. సంచి నా చేతిలో పెట్టి, గొంతు సవరించుకుని, కోత పండుగ పాట చివరి చరణం అందుకున్నాడు. రోడ్డు మీద పోయే ఆటో ఒకటి నెమ్మదించింది. స్వరం కిందికి దిగింది. ఆ రోజు నా ఎడమచెవి ఆయన వైపు ఉండేలా నిలబడ్డాను. అడుగు దూరంలో, ఫోను లేకుండా, స్పీకరు లేకుండా, నాకు ఆ గోళీలు వినిపించాయి. అవి మామ నోట్లో ఉన్నాయి.

మామకూ వినిపించింది. పాట మధ్యలో ఆగిపోయాడు. ఆ మనిషి పాట మధ్యలో ఆగడం నేను అంతకుముందు చూడలేదు.

జాఫర్ రికార్డింగ్ ఆపి, మంచినీళ్ళ సీసా ఆయన చేతికిచ్చాడు. "మా అమ్మకూ పళ్ళసెట్టు కట్టించినాం మామా. మొదట్లో లూజుగా ఉంటే అట్లే కొట్టుకుంటాండె. డాక్టరు దగ్గరికి పోతే సర్దినాడు."

అప్పుడు నాకు చీనీకాయలు, అదే బత్తాయిలు, గుర్తొచ్చాయి. కొన్నాళ్ళ క్రితం మామ వారం వారం పులివెందుల పోయొచ్చాడు. మేనల్లుడి తోటలో కోత అని చెప్పి, వచ్చేటప్పుడు సంచెడు చీనీకాయలు తెచ్చి క్వయర్ అందరికీ పంచాడు. మేం రసం తాగి తాగి ఆయన్ను దీవించాం. జమ్మలమడుగులో గాని ప్రొద్దుటూరులో గాని కట్టించుకుంటే నలుగురికీ తెలుస్తుందని, పళ్ళ డాక్టరు కోసం అంత దూరం పోయాడన్నమాట. మరి సర్దించుకోవడానికి మళ్ళీ ఎందుకు పోలేదని గట్టిగానే అడిగాను.

"చీనీకాయలు అయిపోయినాయి కదప్పా" అన్నాడు మామ నేల చూస్తూ. "ఏమని చెప్పి పోవాల?"

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. రెండింట్లో ఏదీ పైకి రానివ్వలేదు.

"ఎవరికీ చెప్పొద్దు జాఫరూ" అన్నాడు మామ.

"నాకేం పని చెప్పడానికి? స్పీకర్ నేను మార్చలేదని మాత్రం మీవాళ్ళకు చెప్పు మామా. ఏమేమో అంటాండారని విన్నా."

"చెప్తా" అన్నాడు మామ.

తిరుగు బస్సులో కొత్త కండక్టరు మామను గుర్తుపట్టి, ముందు సీటు ఖాళీ చేయించి, ముద్దనూరు కేక ఒక్కటి వేయమని బతిమాలాడు. మామ తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి నా చెవిలో, "సాఫ్ట్‌వేర్ అని చెప్పినామనుకో, ఎట్లుంటాది?" అన్నాడు.

"అబద్ధంలా ఉంటాది" అన్నాను.

"దేవపాలు ముందర ఎట్ల చెప్పేదప్పా? ఆయన్ను నేనే గదా కూర్చోబెట్టింది. ఇప్పుడు నన్ను కూర్చోబెడితే నేనేమైపోవాల?"

పాట తప్ప ఆయనకు వేరే వ్యాపకం లేదు. ఉద్యోగం అయిపోయిన నాటినుంచి ఆయన వారం మొత్తం బతికేది ఆదివారం కోసమే. అయినా జాఫర్ మొహం కూడా నా కళ్ళ ముందే ఉంది.

ఆ సాయంత్రం ప్రాక్టీసులో మామ సాఫ్ట్‌వేర్ అనే చెప్పాడు. ఎస్తర్ పాట పెట్టింది. గరగర.

"చూసినారా, మిమ్మల్ని కూడా బోల్తా కొట్టించి పంపినాడు" అని లేచాడు జయపాల్. "ఈ ఆదివారం ప్రకటనల్లో చెప్పేద్దాం. మన చర్చి వస్తువేదీ ఆ జాఫర్ అంగడికి పోగూడదు. మన పిల్లోళ్ళు కూడా పోవద్దు."

నేను మామ వైపు చూశాను. ఎంత గట్టిగా చూశానంటే, ఇంకొక్క క్షణం ఆయన కదలకపోయుంటే నేనే నోరు తెరిచేవాణ్ణి. ఆ కోపం ఇప్పటికీ నాకు న్యాయంగానే తోస్తుంది.

మామ లేచాడు. మెల్లగా ల్యాప్‌టాప్ దగ్గరికి నడిచాడు. అందరికీ వీపు తిప్పి, జేబులోంచి చేతిరుమాలు తీశాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆయన బుగ్గలు లోపలికి పోయి, మనిషి పదేళ్ళు పెద్దవాడయ్యాడు. రుమాలు విప్పి, పళ్ళసెట్టును కీబోర్డు మీద పెట్టాడు.

"గరగర ఇది" అన్నాడు. మాటలు గాలిలో జారిపోతున్నాయి. ఒక్కొక్కటి పట్టుకుని నిలబెట్టి చెప్పాడు. "జాఫర్ ఏమీ మార్చలే. స్పీకర్ బాగుంది. ఆయప్పను ఏమన్నా అంటే బాగుండదు. నాదే తప్పు, నేనే దాచిపెట్టినా."

ఎవరూ నవ్వలేదు. ఆల్టోల్లో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. జయపాల్ మెల్లగా కూర్చున్నాడు. మామ క్వయర్ వరసలోకి రాలేదు. నేరుగా ముందు బెంచీ దగ్గరికి నడిచాడు. ఆ బెంచీలో దేవపాలు తాత ఒక్కడే ఉన్నాడు. మిగతా బెంచీ అంతా ఖాళీ. మామ కూర్చోబోయాడు.

దేవపాలు తాత మోకాళ్ళ మధ్య కర్ర తీసి, ఖాళీ బెంచీ మీద అడ్డంగా పరిచాడు.

"ఈడ చోటు లేదు" అన్నాడు.

మామ అలాగే నిలబడిపోయాడు.

"ఆ పొద్దు నువ్వు కూర్చోమంటివి. నేను కూర్చుంటి. నువ్వు అన్నదానికంటే నేను కూర్చున్నదే పెద్ద తప్పని ఇన్నేండ్లూ ఈడ్నే కూర్చోని అనుకుంటాండా. పో. పోయి పాడు."

మామ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాచుకోవడంలో నాకు మామంత నేర్పు లేదు. మామ వంగి ఆ కర్ర తీసి దేవపాలు తాత చేతికిచ్చి, రెండో చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వూ లెయ్ పెద్దనాయనా. లేకుంటే నేనూ పాడను."

తాత వెంటనే లేవలేదు. చర్చి కిటికీ వైపు చూశాడు, తన చెప్పుల వైపు చూశాడు, ఎస్తర్ వైపు చూశాడు. ఎస్తర్ బాసు వరసలో ఇంకో కుర్చీ వేసి, "కూర్చోడానికి కాదు తాతా, పట్టుకుని నిలబడడానికి" అంది. అప్పుడు లేచాడు.

మేం పాడాం, ఎస్తర్ ఫోన్లో రికార్డు చేసింది. ఆ పాట గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. మాటలు సగం ఎటు పోయాయో తెలియదు. "స్తోత్రము" అన్న చోట ఇద్దరు బాసులూ కలిసి ఊదిన గాలికి ఎస్తర్ ముందున్న కాగితం లేచింది. ఈసారి నవ్వు ఆగలేదు, ముందు నవ్వింది మామే. చివరి చరణంలో స్వరం కిందికి, ఇంకా కిందికి దిగింది. బెంచీలు ఊరుకున్నాయి, ల్యాప్‌టాప్ ఊరుకుంది, నా కుడిచెవికి కూడా వినిపించింది.

మరుసటి రోజు మామ పులివెందులకు బయల్దేరాడు. ఎక్కడికని అడిగిన ప్రతివాడికీ పళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పాడు. అడగనివాళ్ళకూ చెప్పాడు. చుట్టుదారైనా ముందు ప్రొద్దుటూరులో దిగి, ఆ రికార్డింగ్ జాఫర్ ముందు పెట్టాడు. జయపాల్ కూడా వెంట పోయాడు, తనకు ఫోను కవరు కావాలని చెప్పి. కవరు కొన్నాక జాఫర్‌తో, "తప్పుగా అనుకున్నామప్పా, ఏమీ అనుకోవద్దు" అన్నాడట.

జాఫర్ హెడ్‌ఫోన్ తగిలించుకుని, కళ్ళు మూసుకుని, పాట మొదటినుంచి చివరిదాకా విన్నాడట. మామ ఎదురుగా నిలబడ్డాడు. జాఫర్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"మాటలు శానా ఎగిరిపోయినాయి మామా" అన్నాడు. "గొంతు మాత్రం యాడా పగల్లే."