నూగు ఊదే శేకదారు

బాగేపల్లిలో మా ఎదురింట్లో ఒక శేకదారు ఉండేవాడు. మైసూరు మహారాజు కాలంలో మా ఊళ్లో శిస్తు వసూలు చేయించేది ఆయనే. చలిజ్వరాల మలెనాడు కొండలకు తనను బదిలీ చేయకుండా, పై అధికారి అమల్దారుకు విందు పెట్టి మెప్పించాలని, ఉలవచేలల్లో పూరేడు పిల్లలను పట్టించి బుట్టకింద మేపేవాడు.

రోజూ పొద్దున ఒక పిల్లను వెల్లకిలా పట్టుకుని, ఈకలు మొలిచాయేమోనని ఆకువక్క నమిలే నోటితో దాని ఎదమీద ఊదేవాడు. ఎర్రటి తుంపర్లు పడి నూగు ఉండకట్టేది. ఆ తుంపర్లంటిన చేతిని పంచెకు తుడుచుకుని, దాంతోనే సంగటి తినేవాడు.

"ఇంగా నూగే ఉండాది. ఈకలు వచ్చేదంకా ఇవి యాడికీ పోవు," అనేవాడు.

"రెక్కలు చూడప్పా. ఈకలు ముందు వచ్చేది ఆడనే," అనేది మా అమ్మ. ఆడదాని మాట ఆయనకు ఎక్కేది కాదు.

అమల్దారు భోజనానికి వచ్చిన రోజు, పిల్లలను చూపించాలని వాకిట్లో బుట్ట ఎత్తాడు. అన్నీ బుర్రుమని లేచి గోడ దాటిపోయాయి. శేకదారు చేతికి చిక్కిన ఒక్కటే మిగిలింది.

అప్పుడైనా దాని రెక్క విప్పి చూడలేదు. మళ్లీ ఎదమీదే ఊదాడు.

"చూడండి స్వామీ, నూగే కదా ఉండాది," అని ఏడుపు గొంతుతో చెప్పి, అబద్ధమాడింది పిట్టే అన్నట్టు దాని మెడ విరిచేశాడు.

తర్వాత చేతిని పంచెకు తుడుచుకుని, అమల్దారు విస్తట్లో సంగటి ముద్ద తానే పెట్టాడు. అమల్దారు లొట్టలు వేస్తూ తిన్నాడు.