గఫూర్ ఆర్ట్స్, ఆదోని

ఎమ్మిగనూరులోని ఆ ప్రైవేటు స్కూల్లో ఏటా జూన్ నెలలో స్టాఫ్ బోర్డు కొత్తగా రాసేది జుబేరే. వరండా గోడమీద హెడ్మాస్టరు ఉచ్చీరప్ప సారు మొదలుకొని ఆటల మాస్టరు దాకా అందరి పేర్లూ పొందికగా రాసేవాడు. తన పేరు మాత్రం ఉండేది కాదు. పిల్లలకు బొమ్మలు నేర్పేది అతనే అయినా, సర్టిఫికెట్ లేదు కాబట్టి రిజిస్టరులో అతను అటెండరు.

"సర్టిఫికెట్ తెచ్చుకో జుబేరూ, నీ పేరు నువ్వే రాసుకుందువు" అనేవాడు ఉచ్చీరప్ప సారు. మనిషి మంచివాడే. ఆ మాట అంటూనే బెల్లు కూడా అతని చేతే కొట్టించేవాడు.

డ్రాయింగ్ మాస్టరు కావాలంటే ముందు లోయర్ పరీక్ష, తర్వాత హయ్యర్, ఆ పైన వేసవిలో టీచర్ ట్రైనింగు. లోయర్‌లో జుబేరుకు టైము చాలలేదు. కుండ బొమ్మకు రంగు సగమే వేశాడు. పాసయ్యాడు.

హయ్యర్‌లో చెయ్యి బాగా నడిచింది. చీర అంచుకు డిజైను గీయమంటే లతలూ మొగ్గలూ గీసి, రంగులు వేసి, టైముకు ముందే ముగించాడు. ముగించాడు కాబట్టి అలవాటు కొద్దీ కింద కుడి మూలన సన్నటి బ్రష్షుతో 'గఫూర్ ఆర్ట్స్, ఆదోని' అని రాసి, పేపరిచ్చి వచ్చేశాడు. షీటు మీద హాల్ టికెట్ నంబరు తప్ప పేరు గానీ గుర్తు గానీ ఉండకూడదని రూలు. రిజల్టు ఆపేశారు.

తప్పు జుబేరుదే, కానీ దాన్ని నేర్పింది వాళ్ల నాయన గఫూర్ సాబ్. ఫ్లెక్సీలు రాకముందు ఆదోని బజారులో ఏ అంగడి బోర్డు చూసినా మూలన ఆయన పేరే. పత్తి మిల్లుల గోడలమీద 'పొగ తాగరాదు' అన్న నిలువెత్తు అక్షరాలు ఇప్పటికీ ఆయనవే. చేతులు వణకడం మొదలయ్యాక బ్రష్షు కొడుక్కిచ్చి, తాను నిచ్చెన పట్టుకునే పనికి దిగాడు. ఆయనకున్నది ఒకటే నియమం: మూలన పేరు రాసేదాకా నిచ్చెన దిగకూడదు, పేరు పడకపోతే పని అయినట్టు కాదు. జుబేరు నిక్కర్లు వేసుకునే రోజుల నుంచీ ఇది వింటూ పెరిగాడు.

రెండోసారి హయ్యర్‌కు జాగ్రత్తగా వెళ్లి, జాగ్రత్తగా గీసి, అంతే జాగ్రత్తగా మూలన పేరు రాసి వచ్చాడు. బస్సు ఎక్కి కూర్చున్నాక గుర్తొచ్చింది. సిగ్గుతో ఆదోని దాకా కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

ఇంట్లో సంగతి చెప్తే గఫూర్ సాబ్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"నా పేరే నీకు అడ్డం పడతాంది బేటా. ఈ పొద్దు నుంచి యాడా రాయాకు. పాసైనాక మళ్లీ రాద్దువులే" అన్నాడు.

ఆ ఏడాది రాసిన కిరాణా అంగడి బోర్డుకు పేరు లేదు. మంత్రాలయం లాడ్జి గోడకు లేదు. మొదట్లో పని అయిపోగానే జుబేరు చెయ్యి మూలకు పోయేది. కింద నిచ్చెన పట్టుకున్న ముసలాయన, అక్షరాలు రాసేటప్పుడు చేతికింద ఊతగా పెట్టుకునే కర్రతో పిక్కమీద ఒకటి తగిలించేవాడు. ఇద్దరు పిల్లల తండ్రి నడిబజార్లో దెబ్బలు తినడం అంగళ్లవాళ్లకు మంచి కాలక్షేపమైంది.

"పరీక్ష చేత్తో కదా రాసేది, కాలెందుకు వాచింది?" అని అడిగింది షబానా, భర్త పిక్కకు పసుపు పట్టిస్తూ.

రానురాను చెయ్యి మూలకు పోవడం మానేసింది. కర్రకు పని లేకుండా పోయింది. గఫూర్ సాబ్ మాత్రం ప్రతి బోర్డు దగ్గరా ఖాళీగా ఉన్న ఆ మూలను కాసేపు చూసి, నిచ్చెన భుజాన వేసుకునేవాడు. ఆయనకు బాధగానే ఉండేది.

మూడోసారికి జుబేరు హయ్యర్ పాసయ్యాడు. వేసవిలో కర్నూలు వెళ్లి ట్రైనింగూ పూర్తి చేశాడు. అక్కడ బ్రష్షు ఎలా పట్టుకోవాలో నేర్పారు. నేర్చుకున్నాడు.

జూన్‌లో స్కూలు తెరిచారు. ఆ రోజు గఫూర్ సాబ్ కూడా ఉతికిన లాల్చీ వేసుకుని కొడుకుతో బస్సెక్కాడు. వరండాలో నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. జుబేరు వరసగా అందరి పేర్లూ రాసి, చిట్టచివర 'యస్. జుబేర్, డ్రాయింగ్ మాస్టర్' అని రాశాడు. ఆ ఒక్క పంక్తికి మిగతా బోర్డంతటికీ పట్టినంత సేపు పట్టింది. కళ్లు చెమర్చాయి. పెయింటు ఘాటు అనుకుంటారులే అని తుడుచుకోలేదు. కిందికి దిగి బ్రష్షు కడిగాడు.

"భలే కుదిరినాదప్పా, మాస్టరూ!" అన్నాడు ఉచ్చీరప్ప సారు. ఆ పూట బెల్లు ఆయనే కొట్టుకున్నాడు.

గఫూర్ సాబ్ నిచ్చెన వదల్లేదు. పైకే చూస్తున్నాడు.

"దిగినావే?" అన్నాడు.

"అయిపోయింది కదా అబ్బాజాన్. పేరు కూడా రాసినా, సూడు."

"అది నీ పేరు. నాది యాడ?"

జుబేరు మూల వైపు చూశాడు. ఖాళీగా ఉంది. కడిగిన బ్రష్షు మళ్లీ రంగులో ముంచి నిచ్చెన ఎక్కాడు.