మా మల్లికి సంబంధం వెతుక్కుంటూ ఫలక్‌నుమా దాకా

జడ్చర్లలో పొద్దున్నే హైదరాబాదు బండి ఎక్కాలంటే మామూలు మనిషికి టికెట్టు చాలు. గుర్రంతో ఎక్కాలంటే మాత్రం ముందురోజే స్టేషనుకు వచ్చి చెప్పుకోవాలి. గడ్డి మోపు, నీళ్ళ బొక్కెన, రెండు గట్టి పగ్గాలు మన వెంటే ఉండాలి. ఈ సంగతులేవీ నాకెవరూ చెప్పలేదు కాబట్టి ఒక బండి వదులుకున్నాను. మీరు వదులుకోకూడదని ముందే రాస్తున్నాను.

నేను నాటువైద్యుణ్ణి. మా చుట్టుపక్కల ఊళ్ళకు మోటారు రాదు, వానాకాలంలో ఎడ్లబండి కూడా దిగబడుతుంది. మా తాత, మా నాన్న, నేను ముగ్గురం గుర్రం మీదే తిరిగి మందులిచ్చాం. అదీ ఒకే ఇంటి గుర్రాల మీద. తల్లి ముసలిదైతే కూతురు జీను కిందికి వచ్చేది. ఇప్పుడున్నది మల్లి. దానికి పదహారో ఏడు వచ్చింది, రెండుసార్లు కట్టినా చూలు నిలవలేదు. ఈ ఎండాకాలం కూడా నిలవకపోతే ఇక నిలిచే ఆశ లేదు. మల్లితో ఆ వరస తెగిపోతుంది. అర్ధరాత్రి పాము కరిచిందని కబురొస్తే వాగు దాటించే గుర్రం సంతలో దొరకదని నాకు బాగా తెలుసు.

ఆ దిగులులో ఉండగా, పట్నం నుంచి కీళ్ళనొప్పికి మందు కోసం వచ్చిన ఒక మేస్త్రీ చెప్పాడు. ఫలక్‌నుమా దాటి బార్కస్ పోయే దారిలో ఒక నవాబుగారి గుర్రపుసాల ఉందట. మలక్‌పేట మైదానంలో పందేలు గెలిచిన విలాయతీ మగగుర్రం ఒకటి పరుగు మానేసి అక్కడ ఉందట. మంచి ఆడగుర్రాన్ని తీసుకుపోతే పైసా తీసుకోకుండా దాటిస్తారట. అది విన్నాక నాకు కాలు నిలవలేదు. మల్లి ఎదకు వచ్చిన రోజే బయల్దేరాను.

మల్లి టికెట్టు నా టికెట్టు కంటే చాలా ఎక్కువ. సామాను పెట్టెలో దాని పక్కనే గడ్డి మీద కూర్చున్నాను. షాద్‌నగర్‌లో బండి ఆగినప్పుడు పట్నంలో కోర్టు పని మీద పోతున్న మా పక్క ఊరి పెద్దమనిషి తలుపు దగ్గరికొచ్చి తొంగిచూశాడు.

"ఏంది వైద్యా, గుర్రాన్ని అమ్మనీకి తీసుకపోతున్నవా?"

"లేదన్నా, సంబంధం చూడనీకి."

ఆయన పడీపడీ నవ్వాడు. "అయితే కట్నం గిట్ల అడుగుతరేమో, జర చూసుకో" అని చెప్పి తన పెట్టెకు పోయాడు.

ఫలక్‌నుమాలో దిగేసరికి ఎండ ముదిరింది. గుర్రంతో వచ్చేవాళ్ళు కాచిగూడ దాకా పోకండి, అక్కడ జనం, కూలీలు, జట్కాల లొల్లికి జంతువు బెదురుతుంది. ఫలక్‌నుమాలో దిగితే గుట్ట మీది మహల్‌ను చూస్తూ నీడలో నడిచి పోవచ్చు. దారిలో ఒక హోటల్లో చాయ్, బిస్కట్లు కానిచ్చాను. మల్లికి బెల్లం ముక్క పెట్టాను.

గుర్రపుసాలను చూసుకునే దారోగా పేరు సాలెహ్ చావుష్. వీళ్ళ తాతలు అరబ్బు దేశం నుంచి వచ్చి నిజాం పల్టన్‌లో చేరినవాళ్ళు. నడుముకు రంగుల లుంగీ, తెల్ల గడ్డం, గొంతు మాత్రం ఇరవయ్యేళ్ళవాడిది. సాలలోని మంచిచెడ్డలన్నీ నవాబుగారు ఆయనకే వదిలేశారట. ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడాడు.

ముందు తన గుర్రాన్ని బయటికి తెప్పించాడు. నా జన్మలో అంత పొడుగు గుర్రాన్ని చూడలేదు. ఎర్రటి ఒళ్ళు, సన్నటి కాళ్ళు, ఒంటి మీది నరాలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. చావుష్ విలాయత్ నుంచి వచ్చిన వంశపత్రం పరిచి తండ్రిని, తాతను, ముత్తాతను చదివాడు. వీళ్ళందరి నెత్తురూ పాతకాలంలో అరబ్బు, తుర్కీ దేశాల నుంచి విలాయత్‌కు పోయిన మూడు గుర్రాల దగ్గరికే చేరుతుందని చెప్పి, ఆ మూడూ తన చుట్టాలే అన్నట్టు ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఇప్పుడు మీది చెప్పురి వైద్‌సాబ్. దీని ఖాందాన్ ఏంది?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. మా నాన్న నేర్పిన పాఠాన్ని దారంతా వల్లించుకుంటూనే వచ్చాను. గొంతు సవరించుకుని గోత్రం చెప్పినట్టు గడగడా చెప్పాను: మల్లి తండ్రి గోల్కొండ రిసాలాలో సిపాయిలెక్కిన గుర్రం, దాని తండ్రి ఒక జమేదారు ఎక్కిన గుర్రం, దాని తండ్రిని బొంబాయి రేవులో అరబ్బు వర్తకుడి దగ్గర కొన్నారు. చెప్పి, మెచ్చుకుంటాడని చూశాను.

చావుష్ ఓపిగ్గా విన్నాడు. "బాపుల సంగతి అయింది. అమ్మల సంగతి?"

"తల్లి పేరు గౌరి."

"గౌరి తల్లి?"

నాకు తెలియదు. మా ఇళ్ళల్లో ఇంటిపేరు తండ్రిది, గోత్రం తండ్రిది. గుర్రానికి కూడా అదే చాలనుకున్నాను, తల్లి తల్లి ఎవరని నాన్నను ఒక్కనాడూ అడగలేదు.

"మా అరబ్బోళ్ళ లెక్కల గుర్రం ఖాందాన్ తల్లి దిక్కు నుంచి నడుస్తది" అన్నాడు చావుష్. "బాపు మెహమాన్ లెక్క. ఒక్క పూట వస్తడు, పోతడు. పదకొండు నెలలు మోసేదెవరు?" వంశపత్రంలో అన్నిటికంటే అడుగు వరస మీద వేలు పెట్టాడు. "అందరు ఈ కాగితంల పై వరస చూస్తరు. నేను కింది వరస చూస్త. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ తల్లి. అది ఇద్దరు మనుషుల ముంగట నోటితోని చెప్తేనే మా గుర్రాన్ని బయటికి తీస్త. మీరు ఏదో ఒక పేరు అల్లి చెప్తే నేను పట్టలేను. కానీ అబద్ధంతోని కలిపిన నెత్తురుకు రేపు అల్లా ముంగట జవాబు నేనే చెప్పాలె."

పైసలిస్తానన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. బీజానికి పైసలు తీసుకోవద్దని తమ మతంలో, తమ దీన్‌లో ఉందన్నాడు. ఎద ఇంకో రోజుంటుంది, రెండు రోజులైతే అనుమానమే అని కూడా ఆయనే చెప్పాడు. మల్లిని తన సాలలోనే కట్టించి, "ఇది మా మెహమాన్, దీని ఫికర్ చెయ్యకురి, మీరు తెలిసినోళ్ళను పిలుచుకొని రారి" అన్నాడు. చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చింది. నాన్న మీద కోపం కూడా వచ్చింది.

నాన్న పోయాక తెలిసినవాళ్ళంటే ఈ లోకంలో ఒక్కరే మిగిలారు. మా మేనత్త రాజమ్మ. పురానాపూల్ దగ్గర పాలవ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. జట్కా మాట్లాడుకుని శాలిబండ, చార్మినార్ మీదుగా పోయేసరికి బర్రెలకు సాయంత్రం పాలు పిండుతోంది. లేవకుండానే నా కథంతా విన్నది.

"నన్నెవడన్న అడిగిండా ఇన్నేండ్లల్ల? నీ బాపుకు మగోళ్ళ పేర్లే యాదికుంటుండె. నేను పుట్టి పెరిగిందే ఆ గుర్రాల కాడ."

"అయితే చెప్పు అత్తా, రాసుకుంట."

"ఇంట్ల చెప్తే సాక్ష్యమెట్లయితది? రేపు ఆడనే చెప్త. అన్నం తిను" అంది. జొన్నరొట్టె, మీగడ పెరుగు ముందర పెట్టింది. ఆ పెరుగు కోసమైనా మీరు పురానాపూల్ పోవచ్చు.

పొద్దున్నే బయల్దేరదామంటే ఆమె పట్టుచీర తీసింది. సరే అనుకుంటే, లాడ్ బజార్ దగ్గర జట్కా ఆపించింది. పిల్లనిచ్చేవాళ్ళం బోసి చేతులతో పోతామా అని ఒకటే పట్టు. దుకాణం వాడితో బేరమాడి, రాళ్ళు పొదిగిన లక్కగాజులు ఎక్కించుకుని, వెలుగులో తిప్పి చూసుకుని, ఇంకో జత వేయించుకుంది. నేను వీధిలో నిలబడి సూర్యుణ్ణి చూస్తున్నాను. మల్లి ఎద కరిగిపోతోందని లోపల ప్రాణం కొట్టుకుంటోంది.

గుర్రపుసాలలో చాప వేశారు. సాక్షులుగా చావుష్ తమ్ముడు, నాడాలు కొట్టే ముసలాయన కూర్చున్నారు. అత్త కూర్చోలేదు. నేరుగా పోయి మగగుర్రం చుట్టూ తిరిగింది.

"భాయ్, మీ పిల్లగాడు ఎడమకాలు ఏంది గట్ల దాచుకుంటడు?"

చావుష్ గడ్డంలో నవ్వుకున్నాడు. "పందెంల నరం పోయిందమ్మా. పుట్టుకతోని వచ్చిన ఐబు కాదు."

"కోపమా?"

"ఆకలైతే."

"అది అందరికుంటది" అని వచ్చి చాప మీద కూర్చుంది. గాజులు సర్దుకుని చెప్పింది. "దీని తల్లి గౌరి. గౌరి తల్లి సోనా. నన్ను అత్తగారింటికి దింపింది సోనానే. సోనా తల్లికి పేరు లేదు. ఉప్పు మోసే లంబాడోళ్ళ కాడ మా బాపు తీసుకున్నడు. మూటలు మోసే పొట్టిగుర్రం, తట్టువ. వీపంత పుండ్లు. ఉప్పుగుర్రం అంటుండె అందరు. మా అన్న ఈ ముచ్చట బయటికి రానియ్యలె."

"అత్తా!" అన్నాను. గోల్కొండ రిసాలా, బొంబాయి రేవు అంటూ నేను కట్టిన కోటంతా విలాయతీ గుర్రం ముందర కూలిపోయింది. మూటలు మోసే తట్టువ మనవరాలి బిడ్డకు ఆ ఎర్రగుర్రాన్ని ఎవడిస్తాడు?

"ఏందిరా, ఉన్నదే చెప్పిన" అంది అత్త.

చావుష్ తాగుతున్న ఖహ్వా గిన్నె కింద పెట్టాడు. "పుండ్లు మానినయా?"

"మా బాపు పసరు పోసి మాన్పిండు. అది సముద్రం కాడి నుంచి మోసుకుంట వచ్చిందట భాయ్. దారిలనే ఈనింది. పిల్ల లేచి నిలవడంగనే మళ్ళ మూటెత్తుకున్నది. ఆ పిల్లనే సోనా."

చావుష్ తమ్ముడితో అరబ్బీలో ఏదో అన్నాడు. తమ్ముడు తలూపాడు. ఆ కొంచెంసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు. తర్వాత చావుష్ నావైపు తిరిగాడు.

"మా వానికి పరుగు మస్తున్నది వైద్‌సాబ్, ఓపిక లేదు. నాలుగు పందేలకు కాలు పోయింది. రిసాలా గుర్రాలు రోజొకటి వస్తయి నా కాడికి. మూటతోని నడిచి, దారిల కని, మళ్ళ నడిచిన తల్లి ఎన్నడు రాలె." లేచి లుంగీ బిగించుకున్నాడు. "మల్లిని పట్టుకరారి."

ఆ తర్వాతి సంగతి పశువుల్ని సాకే ప్రతి ఇంటికీ తెలిసిందే. పని అయ్యాక అందరికీ ఖర్జూరాలు పంచారు. అత్త కొంగు చాటు నుంచి నెయ్యి గిన్నె తీసింది. చావుష్ వద్దన్నాడు. "బీజానికి పైసలొద్దన్నరు. నెయ్యి వద్దని మీ దీన్‌ల ఏడున్నది?" అంది. ఆయన నవ్వి తీసుకున్నాడు.

మూడు వారాలు పురానాపూల్‌లోనే ఉన్నాను. మల్లి బర్రెల మధ్య దర్జాగా మేసింది. పగలంతా నేను అత్త వీధిలోవాళ్ళకు మందులిచ్చాను, సాయంత్రాలు మూసీ గట్టున తిరిగాను. చూలు నిలిచిందో లేదో తెలుసుకోవడానికి చావుష్ ఒకటే దారి చెప్పాడు: మళ్ళీ మగగుర్రం ఎదుట నిలబెట్టాలి. చూలు నిలవకపోతే ఆడగుర్రం ఒద్దికగా నిలబడుతుంది, నిలిస్తే దగ్గరికి రానివ్వదు.

తిరుగు ప్రయాణం రోజు సామానంతా కట్టుకుని సాలకు పోయాం. మధ్యలో చెక్కపలకల గోడ, ఆవల ఎర్రగుర్రం. అది మెడ చాచి ముద్దుగా సకిలించింది. మల్లి కదల్లేదు. అత్త నా చెయ్యి పట్టుకుంది. ఎర్రగుర్రం ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది. అప్పుడు మల్లి చెవులు వెనక్కి వేసి, గిర్రున తిరిగి, రెండు వెనక కాళ్ళతో ఒక్క తన్ను తన్నింది. గోడలో పలక ఊడి అవతల పడింది.

"ముబారక్!" అని చావుష్ అరిచాడు. నాడాల ముసలాయన కూడా లేచి గంతేశాడు. నేను మల్లి మెడ కౌగిలించుకుని ఏడ్చాను. అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు.

స్టేషన్లో గుమస్తా రసీదు రాస్తూ ఎన్ని జానవర్లు అని అడిగితే అత్త "ఒకటిన్నర" అంది. అతను ఒకటే రాశాడు.

మీలో ఎవరైనా ఆడగుర్రంతో ఈ దారి పట్టేటట్టయితే, ముందు ఇంట్లో ముసలి ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు విని బయల్దేరండి. పట్నం పెద్దది, అక్కడ పెద్ద మనసులూ ఉన్నాయి. మిగతాదంతా చావుష్ లాంటివాళ్ళు చూసుకుంటారు.

షాద్‌నగర్‌లో బండి ఆగింది. నీళ్ళు పోసే ముసలాయన బొక్కెన తెచ్చి మల్లి ముందర పెట్టాడు. అది తాగుతుంటే వీపు మీద చెయ్యేసి, "మస్తున్నది బాపు. ఏ జాతి?" అన్నాడు.

గోల్కొండ రిసాలా అనే మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

"దీని ముత్తవ్వ ఉప్పు మోసింది" అన్నాను.

"అట్లనా! అయితే ఒక్క బొక్కెన ఏం సరిపోతది. ఉప్పోళ్ళకు దూప ఎక్కువుంటది" అంటూ పోయి రెండోది నింపుకొచ్చాడు. గార్డు జెండా ఊపేలోగా మల్లి అది కూడా ఖాళీ చేసింది.