అందరూ చదివిన ఉత్తరం

నా చిన్నప్పుడు మేము హౌరా దగ్గర టికియాపారా రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మా తాతయ్య షెడ్డులో ఫిట్టరు, ఆదివారాలు మా తెలుగు చర్చిలో పాట చెప్పే పెద్ద. చర్చిలో సగంమందికి చదువు రాదు. అందుకని కీర్తనలో ఒక్కో వరుస ఆయన ముందు చదివి ఆగితే, ఆ వెనక అందరూ అందుకునేవారు.

ఒక ఏడు క్రిస్మస్‌కు, ఎప్పుడూ గొర్రెల కాపరులేనా అని, ఆయన ఒక ఇంగ్లీషు నవలను నాటకం చెయ్యబూనుకున్నాడు. విక్టోరియా కాలం నాటిది, తలగడంత లావు. మా నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. ఆయన మాత్రం ఇంజను విప్పినట్టు దాన్ని విప్పేశాడు. డాన్సులు, వేటలు తీసి పక్కన పెట్టాడు. గుర్రబ్బండి చేతిరిక్షా అయింది, దొరగారి కోట జూట్ మిల్లు మేనేజరు బంగళా అయింది. చివరికి మిగిలింది ఒక అనాథ పిల్ల, చనిపోయిన తల్లి ఆ పిల్లకు రాసిన ఉత్తరం. పెద్దింటివాళ్లు దాచేసిన ఆ ఉత్తరాన్ని పిల్ల ఆఖరి రంగంలో పైకి చదవాలి.

ఆ వేషం నాకే కావాలని పట్టుబట్టాను. తెలుగు చదవడం వచ్చా అని తాతయ్య అడిగితే, వచ్చని బొంకాను. నేను వెళ్లేది బెంగాలీ బడికి. తెలుగు ఇంట్లో మాట్లాడటమే గాని ఒక్క అక్షరం రాదు. మర్నాడు ఆయన అందరికీ కాగితాలు పంచి, నాకూ ఒకటిచ్చి చదివి చూడమన్నాడు. పక్కనే పక్కింటి అక్క. ఆమెకు తెలుగు గడగడా వచ్చు. నా గుట్టు బయటపడితే వేషం ఆమెకు పోతుంది. కాగితం మీద కాసేపు కళ్లు తిప్పి, "శానా బాగుంది తాతా, ఏడుపొచ్చింది" అన్నాను.

తాతయ్య నా చేతిలోకి ఒకసారి, నా ముఖంలోకి ఒకసారి చూశాడు. ఉన్నట్టుండి అందరి కాగితాలూ లాగేసుకున్నాడు.

"కాయితాలొద్దర్రా. నాను సెప్తాను, మీరనండి. మన కీర్తన్లాగే."

అక్క సణిగింది. అయినా నెల రోజులూ ఆయన ఒక ముక్క చెప్పడం, మేము ఒక ముక్క అనడం. నా అబద్ధం ఎవరికీ తెలియలేదని లోలోపల ఎంత మురిసిపోయానో!

క్రిస్మస్ సాయంత్రం చర్చి కిక్కిరిసింది. ఉత్తరం విప్పి, "నా బంగారు తల్లీ, ఇది నీకు అందేసరికి నేనుండను" అని, నేర్చుకున్న అలవాటున ఆగాను. అంతే, ముందు చాపల మీది ముసలమ్మలు కీర్తన అనుకున్నారో ఏమో, ఆ మాట తిరిగి అనేశారు. పిల్లలు కిసుక్కుమన్నారు. తెర పక్కకు చూస్తే తాతయ్య, పాట చెప్పించేటప్పటిలాగే, కానీ కానీ అని చెయ్యి ఊపుతున్నాడు.

"నువ్వు ఎవరికీ కానిదానివంటే నమ్మకు" అన్నాను. ఈసారి సగం చర్చి అంది. చివరి ముక్కకు వచ్చేసరికి మా నాయనమ్మ కొంగు అడ్డం పెట్టుకుని, ఏడుస్తూనే నా వెనక చెబుతోంది. జన్మలో ఒక్క ఉత్తరం చదవని మనిషి ఆవిడ.

ఇంటికి నడుస్తుంటే ఉండబట్టలేక నిజం చెప్పేశాను. తాతయ్య పకపకా నవ్వాడు.

"నాకు తెల్దేటే? ఆ రోజు పొరపాటున నీకిచ్చింది మీ నాయనమ్మ సెప్తే నాను రాసిన సరుకుల సీటీ. కందిపప్పు, ఎండుమిరపకాయలు సదివి ఏడుపొచ్చిందన్నావు గదే!"

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు పొద్దున్నే ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ ఉత్తరంతోనే నాకు అక్షరాలు దిద్దించాడు. నా కోసం నెల రోజులు అందరినీ చదువురానివాళ్లను చేశాడని అర్థమయ్యేసరికి నేను బాగా పెద్దదాన్నయ్యాను. అప్పటికి ఆయన లేడు. ఆ మాట ఆయనతో అనలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు సండే స్కూలు పిల్లలకు నాటకాలు నేను నేర్పుతున్నాను. చదవడం రాక, కాగితం వంక చూస్తూ చెమటలు పట్టే పిల్ల ఏటా ఒకతి ఉంటుంది. ఆ పిల్లను విడిగా పిలవను. అందరి చేతుల్లోంచీ కాగితాలు లాగేసుకుంటాను.