నిపుణులు పదింటికే వచ్చిన రోజు

చోడవరంలో మా పిల్లల హోమ్‌కి ఎవరైనా పెద్దవాళ్ళు వస్తున్నారంటే ముందు చేసే పని పిల్లల్ని బయటికి తోలేయడం. నవ్వకండి. మీ ఇంటికి చుట్టాలొస్తున్నారంటే, "ఇల్లు సర్దుకోవాలి, కాసేపు బయటికెళ్ళి ఆడుకోండ్రా" అని మీరు మాత్రం అనరా? మేమూ అంతే. కాకపోతే మాకొచ్చే చుట్టాలు చూడ్డానికి వచ్చేది ఆ పిల్లల్నే.

నేనక్కడ ఆడపిల్లలకి కుట్టు నేర్పే టీచర్ని. హోమ్ నడిపేది సూపరింటెండెంట్ మేడమ్. ఆవిడ మంచిదే. గోడలకీ దుప్పట్లకీ మరీ మంచిది.

ఆమధ్య ప్రభుత్వానికి జ్ఞానోదయమైంది. పిల్లలు హోముల్లో కాదు, అయినవాళ్ళ దగ్గర పెరగాలని కొత్త పద్ధతి పెట్టారు. అది సవ్యంగా సాగుతోందో లేదో చూడమని, ఏ ఆఫీసుకీ సంబంధం లేని స్వతంత్ర నిపుణుల కమిటీని వేశారు. వాళ్ళు ప్రతి పిల్లనీ విడిగా కూర్చోబెట్టి, "నీకెక్కడ ఉండాలనుంది?" అని అడుగుతారట. వాళ్ళు రాసిందే ఆఖరి మాటట.

ఆ కబురు విని అందరికంటే ఎక్కువ సంబరపడింది వడ్డాది నుంచొచ్చిన పిల్ల, మేమంతా మావైపు మాటలో గుంట అని పిలిచేది. తల్లి పోయింది, తండ్రి ఎటు పోయాడో తెలీదు. వడ్డాది సంతలో కూరగాయలమ్మే మేనత్త, "నా మేనకోడల్ని నాకిచ్చియ్యండి బాబూ" అంటూ మా గేటు చుట్టూ తిరుగుతూనే ఉంది. ప్రభుత్వం ఇవ్వచ్చంది. మేడమ్ మాత్రం "చూద్దాం" అంటుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. ఇలా ఒక్కొక్కరే వెళ్ళిపోతే హోమ్‌కి తాళం పడుతుందని ఆవిడ బెంగ.

గుంట నా మిషను పక్కన కూర్చుని జవాబు వల్లె వేసుకునేది.

"మా అత్త కాడుంటాను. అంతే సెప్తాను టీచరమ్మా. సాలా? ఇంకేటైనా సెప్పాలా?"

"చాలే తల్లీ. కాస్త గట్టిగా చెప్పు," అన్నాను.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే మేడమ్ పిల్లలందర్నీ వ్యానెక్కించింది. ఊరవతల బెల్లం వండే గానుగ చూపిస్తారట. అసలు సంగతి, కొత్త దుప్పట్లు నలగకూడదు, తుడిచిన నేల మీద అడుగులు పడకూడదు. గుంట వ్యానెక్కనని ఏడ్చింది.

"నానుంటాను మేడమ్. నాను మాటాడాల."

నేనూ అడ్డం పడ్డాను. "వాళ్ళు పిల్లల్ని చూడ్డానికొస్తుంటే పిల్లల్ని పంపేస్తారేంటండీ? చోద్యం కాకపోతే!"

"నువ్వు నీ మిషను చూసుకోమ్మా. ఆఫీసర్లు పదింటికొస్తామన్నారంటే ఒంటిగంటకొస్తారు. ఈలోగా వీళ్ళొచ్చేస్తారు," అంది మేడమ్.

నిజం చెప్పాలంటే ఆ నమ్మకాన్ని తప్పుపట్టలేం. చెప్పిన వేళకి వచ్చిన ఆఫీసర్ని చోడవరం ఇంతవరకూ చూడలేదు. దండలు తెచ్చేవాణ్ణి కూడా ఆవిడ పన్నెండు దాటాకే రమ్మంది.

వాళ్ళు పదింటికే వచ్చేశారు! ఏ ఆఫీసుకీ సంబంధం లేనివాళ్ళు కదా, ఆఫీసు అలవాట్లు కూడా లేవు కాబోలు.

ముగ్గురు వచ్చారు. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దాయన మాట్లాడతాడు, మిగతా ఇద్దరూ తలూపుతారు. మంచాలు చూశారు, బాత్రూములు చూశారు, ఫిర్యాదుల పెట్టె చూశారు. దానికి ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. అంతా అయ్యాక పెద్దాయనకి గుర్తొచ్చింది.

"పిల్లలేరీ?"

"ఎడ్యుకేషనల్ విజిట్ సార్," అంది మేడమ్.

"వండర్‌ఫుల్! పిల్లలకి ఎక్స్‌పోజర్ కావాలి!" అన్నాడాయన. ఇద్దరూ తలూపారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎదురెళ్ళి, "అయ్యా, ఫోన్ చేశాను, బయల్దేరారట. చెరకు లారీల వెనక ఇరుక్కున్నారు. కాస్త ఆగండి. మీతో మాట్లాడాలని ఒక పిల్ల ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తోంది," అన్నాను.

"తప్పకుండానమ్మా. దానికోసమేగా వచ్చాం!" అంటూ ఆయన భోజనానికి కూర్చున్నాడు. నాటుకోడి పులుసుని మాత్రం క్షుణ్ణంగా పరిశీలించారు, మారు వడ్డించుకుని మరీ. చేతులు కడుక్కున్నాక ఇంకో హోమ్ చూడాలని గుర్తొచ్చి కారెక్కేశారు.

వీధి మలుపులో వాళ్ళ కారూ మా వ్యానూ ఎదురుపడ్డాయి. పెద్దాయన అద్దం దించి పిల్లలకి చెయ్యూపాడు. బెల్లం పాకం అంటిన చేతులతో పిల్లలూ ఊపారు. గుంట దిగి, చేతులు కడుక్కుని, జడ సరిచేసుకుని నా దగ్గరికొచ్చింది.

"సెయ్యూపేరు టీచరమ్మా. మల్లీ వస్తారు కదా?"

నేను దాని జడకి రిబ్బన్ కట్టాను.

వాళ్ళు రాలేదు, వాళ్ళ నివేదిక వచ్చింది. మేడమ్ మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి లడ్డూలు పంచి మరీ చదివింది. హోమ్ ప్రశాంతంగా ఉందట. ఉండదా మరి! పిల్లలు చిరునవ్వుతో చేతులూపారట. ప్రతి పిల్ల అభిప్రాయాన్నీ ఏకాంతంగా తెలుసుకున్నారట. అందరూ ఇక్కడే ఉంటామన్నారట. "అబద్ధం!" అని నేను లేచి అరిచాను. "లడ్డూ తినమ్మా," అంది మేడమ్.

పిల్లని ఇమ్మని మేనత్త పెట్టుకున్న అర్జీని, ఆ నివేదికనే చూపించి పై ఆఫీసువాళ్ళు కొట్టేశారు. మరుసటి సంతనాడు ఆవిడ బేరం వదిలేసి వచ్చి గేటు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"నాకాడికి రానన్నావంట కదే? ఈడే ఉంటానన్నావంట?"

"నానెప్పుడన్నానత్తా? నన్నెవులూ అడగనేదు!"

"అడగలేదమ్మా, నేను సాక్షిని," అన్నాను.

మేనత్త నన్ను చూసింది, పిల్లని చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"డిల్లీ నుంచొచ్చినోలు, అంత సదువుకున్నోలు, అబద్దం రాస్తారేటే? నాకాడ ఫేనైనా నేదని రానన్నావేమో. సెప్పీయొచ్చు కదే, నానేటీ అనుకోను," అని ఆటో ఎక్కేసింది.

గుంట గేటు ఊచలు పట్టుకుని, "అత్తా, నానన్నేదే! నానన్నేదే!" అని అరుస్తూనే ఉంది. లోపల మేడమ్ ఆ నివేదికకి ఫ్రేము కట్టించడానికి కొలత తీయిస్తోంది.