మసి కాగితం మీద గీత

మొన్న మా అమ్మాయి పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తులు ఊదేసింది. సన్నగా పొగ లేచి నా ముక్కుకు తగిలింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నేను మాత్రం డబ్లిన్ శివార్లలోని చెర్రీవుడ్‌లో ఒక ప్రయోగశాలలో, మోచేతుల దాకా మసి పూసుకుని నిలబడి ఉన్నాను. "మమ్మీ, ఆర్ యు ఓకే?" అంది అమ్మాయి తన ఐరిష్ యాసలో. బాగానే ఉన్నాను. మసి వాసన ఎప్పుడు తగిలినా నాకు డాక్టర్ సుభద్ర గారు గుర్తొస్తారు, అంతే.

ఆవిడని మీరు చూసి ఉండరు. పొట్టి మనిషి, నేత చీర మీద మగవాళ్ల ఉన్ని కోటు, కోటు జేబులో ఎప్పుడూ ఓ దారపు ఉండ. విశాఖపట్నంలో వైద్యం చదివి, పందొమ్మిదివందల యాభైలలో అక్కడే ఫార్మకాలజీ ప్రయోగశాలలో పనిచేశారు. తర్వాత డబ్లిన్ వచ్చి, ఇక్కడి కాలేజీలో పాఠాలు చెప్పీ చెప్పీ రిటైరయ్యారు. లువాస్ ట్రాము పట్టాల కోసం ఊరంతా తవ్విపోసిన రోజుల్లో ఓ ఉగాది భోజనాల దగ్గర నాకు కనిపించారు. చుట్టూ అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్లే, ఇళ్ల ధరల గురించే కబుర్లు. "నువ్వేం చేస్తావమ్మా?" అని అడిగారు. ఉబ్బసం మందు మీద పరిశోధన, జంతువుల మీద పరీక్షలు అన్నాను. ఆవిడ కళ్లు వెలిగాయి. "గినీ పందేనా? పేగు తీస్తున్నారా, గాలిగొట్టమా?" ఎదురుగా పులిహోర తింటున్నాయన చెంచా కింద పెట్టేశారు. "గాలిగొట్టమేనండీ మేడమ్" అన్నాను గొంతు తగ్గించి. "మేడమేమిటి, ఆంటీ అను. ఆదివారం ఇంటికి రా" అన్నారు, ఏమాత్రం గొంతు తగ్గించకుండా.

లెపర్డ్స్‌టౌన్‌లో ఆంటీ వాళ్ల గరాజ్‌లో కారు లేదు. పాత దుప్పటి కప్పిన ఓ ఇత్తడి పీపా ఉంది. డబ్బులు పొంగిపొర్లుతున్న కాలం కదా, కాలేజీ వాళ్లు కొత్త యంత్రాలు కొని పాతవి చెత్తలో పారేస్తుంటే, ఈవిడ ఎవర్నో బతిమాలి దీన్ని ఇంటికి మోయించుకున్నారట. పీపా చుట్టూ కాగితం చుట్టి, మంట మీద తిప్పి మసి పట్టిస్తారు. వెచ్చటి ఉప్పునీటి గొట్టంలో కండరం ముక్కను దారంతో వేలాడదీస్తే, అది బిగిసినా వదులైనా దానికి కట్టిన సన్నటి పుల్ల మసి మీద తెల్లటి గీత గీస్తుంది. అది చెరిగిపోకుండా ఆఖర్న వార్నిష్ పూస్తారు. గుంటూరు ఫార్మసీ కాలేజీలో నేను నేర్చుకున్నది దీని మీదే. ఇక్కడికొచ్చాక, కంప్యూటర్ల మధ్య, ఆ సంగతి ఎత్తితే ఒట్టు అని ఒప్పుకున్నాను. "సిగ్గా?" అన్నారు ఆంటీ. "ఈ పుల్లకి అబద్ధం చెప్పడం రాదమ్మా. దాని వల్ల కాదు."

టీ తాగుతూ ఆ రోజు ఆవిడ చెప్పిన సంగతి నేను మర్చిపోలేను. విశాఖలో వాళ్ల ప్రొఫెసరు గారు ఏదో వేరు కషాయం మీద పరీక్షలు చేయించేవారు. కషాయం పోయగానే గినీ పంది పేగు ముక్క వదులయ్యేది, గీత దిగేది. అందరూ సంబరపడిపోయారు. ఒకనాడు కషాయం రావడం ఆలస్యమైందట. ఈవిడ ఊరుకోలేక మందు లేకుండానే తంతు మొత్తం నడిపారు. కషాయం దాచే గదిలోనే ఉన్న ఓ సీసాలోంచి ఉత్త నీళ్లు పోశారు. గీత అలాగే దిగింది! అది చల్లటి గది. పేగుని వదులు చేసింది ఆ చల్లదనం. "ఆ రోజుల్లో జంతువుకి లెక్కేముందమ్మా? అనుమానం వస్తే ఇంకోటి, సారుకి తోస్తే ఇంకోటి. అన్నీ చన్నీళ్ల కోసం చచ్చాయి" అన్నారు. అప్పట్నుంచీ ఆవిడ ప్రయోగమంటే ముందు ఖాళీ చుట్టు ఉండాల్సిందే. కండరం బదులు రబ్బరు బ్యాండు కట్టి అన్నీ ఒకసారి, ఆ తర్వాత అసలు కండరం మీద మందు లేకుండా ఒకసారి. అది కుదిరాకే మందు సీసా ముట్టుకోవాలి.

మా కంపెనీ చిన్నది, మందు ఒక్కటే. డబ్బు పెట్టిన వాళ్ల తరఫున లండన్ నుంచి ఓ సలహాదారు వచ్చి నా ఫలితాలు చూసి పెదవి విరిచాడు. కంప్యూటర్ తెరమీద గీత నునుపుగా దిగుతోందంటే అది సాఫ్ట్‌వేర్ చలవ కావచ్చు, మందుది కాకపోవచ్చు అన్నాడు. మా డైరెక్టర్ డెక్లన్ మంచివాడే, కానీ దాపరికం లేదు. "చూడు పద్మా, వచ్చే నెల మళ్లీ వస్తాడు. అప్పుడూ నమ్మకపోతే మూసేస్తారు. నీ వర్క్ పర్మిట్ మన కంపెనీ పేరు మీదే ఉంది, తెలుసుగా?" తెలుసు. ఉద్యోగం పోతే దేశం వదలాలి. అంతకంటే, ఆ మందు పనిచేస్తుందని నాకు తెలుసు. అది ఒక్క సలహాదారు అనుమానానికి చచ్చిపోతుందంటే కడుపు మండిపోయింది.

ఆంటీ దగ్గర ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. "కంప్యూటర్ మీద నమ్మకం లేకపోతే కంప్యూటరే వద్దు. పీపా తీసుకెళ్దాం పద. ఆ ప్రెస్‌లో ఓ డబ్బా వార్నిష్ ఉంటుంది, తియ్యి" అన్నారు. వాళ్లింట్లో అలమారాని ప్రెస్ అంటారు, ఐరిష్ వాళ్లలాగే. ఆ నెలంతా మా ప్రయోగశాలలో రబ్బరు బ్యాండుతో ఖాళీ చుట్లు తిప్పించారు. ద్రావణాలన్నీ ఒకే వేడిలో ఉంచాలని నా వెనకే తిరిగారు. ఎంచుకున్న గినీ పందిని రోజూ ఒళ్లో పెట్టుకోమన్నారు. "బెదిరిన జంతువు దగ్గర నిజం రాదు" అని దానికి తెలుగులో కబుర్లు చెప్పేవారు. డెక్లన్ గుమ్మంలోంచి చూసి "గ్రాండ్" అనేసి వెళ్లిపోయేవాడు.

సలహాదారు వచ్చాడు. మసి పీపా చూసి నవ్వాపుకోలేకపోయాడు. ఆంటీ మూలన కుర్చీలో కూర్చున్నారు, అతిథిలాగా. గినీ పందిని నొప్పి తెలియకుండా శాశ్వతంగా నిద్రపుచ్చింది నేనే, గాలిగొట్టం ముక్క కట్టింది నేనే. కండరాన్ని బిగించే మందు వేశాను, గీత లేచి నిలబడింది. మా మందు కలిపే ఉత్త ద్రావకం పోశాను. గీత కదల్లేదు. అతని నవ్వు ఆగింది. అప్పుడు మా మందు వేశాను. పుల్ల నల్లటి మసి మీద తెల్లగా, నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. దిగింది, దిగింది, మొదలుపెట్టిన చోటికి వచ్చి ఆగింది. కడిగి, మళ్లీ బిగిస్తే లేచింది. మళ్లీ మా మందు వేస్తే మళ్లీ దిగింది. ఏ తెరా లేదు, ఏ సాఫ్ట్‌వేరూ లేదు. ఆనందంతో నాకు కేకలు పెట్టాలనిపించింది. సలహాదారు వేలు పెట్టబోయాడు. "ముట్టుకోకండి, ఇంకా వార్నిష్ వెయ్యలేదు!" అని నిజంగానే కేక పెట్టాను.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అద్భుతం. అయితే రేపు ఇంకో జంతువు మీద కూడా చూపించండి. నాకు నిశ్చింతగా ఉంటుంది" అన్నాడు. డెక్లన్ అప్పుడే తలూపేస్తున్నాడు. నేను ఆంటీ వంక చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, కావాలనే. నా పర్మిట్, నా నాలుగేళ్ల పని, అన్నీ ఈయన చేతిలో ఉన్నాయి. "లేదండీ" అన్నాను. "ఉత్త ద్రావకానికి కదల్లేదు. మందుకి రెండుసార్లు దిగింది. మీరడిగిన ప్రశ్నకి అది జవాబు చెప్పేసింది. మీ నిశ్చింత కోసం ఇంకో ప్రాణం తియ్యను. చాలు."

అతను నన్ను చూశాడు, పీపాని చూశాడు. డెక్లన్ వైపు తిరిగి, "ఆవిడ చెప్పింది నిజమే. కొనసాగించండి" అన్నాడు. డెక్లన్ నన్ను కావలించుకుని తన తెల్లచొక్కా నిండా మసి చేసుకున్నాడు. ఆంటీ లేచి వచ్చి నా గడ్డం పట్టుకుని, "నేను మా సారుకి చెప్పలేకపోయిన మాట అది" అన్నారు.

సుభద్ర గారు ఇప్పుడు లేరు. ప్రయోగశాల నా చేతుల్లో ఉంది. కుర్రాళ్లు మంచి ఫలితం వచ్చిన ఉత్సాహంలో "ఇంకొక్కటి చేద్దామా?" అని వస్తారు. గీత చూపించమంటాను. అది చెప్పాల్సింది చెప్పేసి ఉంటే, చాలంటాను. పైనుంచి పెద్దవాళ్లు అడిగినా అదే మాట. మొదటిసారి అన్నప్పుడు గొంతు వణికింది. ఇప్పుడు వణకదు.